పిల్లల పుంజీ

చాందా,
జూలై 1957

అన్నా,

జయ బాగుంది. ముందు ఆ మాట రాస్తే తప్ప మిగతాది నువ్వు కుదురుగా చదవవని తెలుసు. నువ్వు దాన్ని మా ఇంట్లో దింపి వెళ్లిన మర్నాటి నుంచి ఇక్కడ ఒకటే వాన. కాంతమ్మ వదిన పోయాక పిల్ల బొత్తిగా చిక్కిపోయిందని మీ బావ రోజూ పాలు తాగిస్తున్నారు.

రాష్ట్రాలు విడదీసినప్పుడు నువ్వు పంతులుగా ఉన్న రాజురా వెళ్లి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. నువ్వేమో ఆంధ్ర వైపు ఆప్షన్ రాసిచ్చి ఆసిఫాబాదు బడికి వెళ్లిపోయావు. మధ్యలో ఈ పిల్ల తెలుగు బడి నుంచి మా ఊరి మరాఠీ బడిలో పడింది. నాలుగో తరగతిలో కూర్చోబెట్టారు. భాష సంగతి నేను భయపడ్డంత లేదు, వీధి పిల్లలతో ఆడుతూనే పట్టేస్తోంది. లెక్కల సంగతే రాయాలి.

మొన్న మీ బావ మాట వరసకు "పన్నెండో ఎక్కం వస్తదా బిడ్డా?" అన్నారు. పిల్ల లేచి నిలబడి రెండు చేతులూ ముందుకు చాచింది, అరచేతులు పైకి పెట్టి. ఎక్కం మొదలుపెట్టక ముందే దెబ్బకు సిద్ధమైంది. మీ బావ లేచి లోపలికి వెళ్లిపోయారు. ఆ పూట ఆయన అన్నం సరిగ్గా తినలేదు.

అన్నా, ఈ ఏడు నువ్వు లెక్కలు రాసి పంపకు. ఇంట్లో నేను చూసుకుంటాను. నాకే లెక్కలు రావని నవ్వుతావు. ఎందుకు రాలేదో కూడా నీకు తెలుసు.

చంద్రకళ


ఆసిఫాబాదు,
ఆగస్టు 1957

చంద్రకళా,

నీ ఉత్తరం చేరింది. అనంతరావు బావకు నమస్కారాలు చెప్పు.

పిల్ల చేతులు చాచిందని పెద్ద ఘోరం జరిగినట్టు రాశావు. భయం ఉన్న పిల్ల చాస్తుంది. మన నాయన నన్ను దూలానికి కట్టి ఎక్కాలు చెప్పించాడు. ఆ ఎక్కాలే ఇవాళ నాకు అన్నం పెడుతున్నాయి. అవి రాకపోతే నేనూ ఏ దుకాణంలోనో బస్తాలు మోస్తూ ఉండేవాణ్ని. నాకు చేతనైంది అదొక్కటే, నా బిడ్డకు ఇవ్వగలిగిందీ అదొక్కటే.

ఇక్కడ నేనే వండుకుని తింటున్నాను. ఇల్లు బోసిగా ఉంది. పిల్లను వదిలి ఉండటం నాకు సరదా కాదు. కానీ నీకు పిల్లలు లేరు, దాని మీద ప్రాణం పెట్టుకున్నావు, కాబట్టి ఒక మాట ఇస్తున్నాను. వచ్చే ఏప్రిల్ పరీక్షలో జయ లెక్కల్లో పాసైతే మీ దగ్గరే ఉండి పెద్ద బడి దాకా చదువుకోనీ. నేను అడ్డు రాను. తప్పితే మాత్రం తెచ్చుకుంటాను. అప్పుడు ఏడుపులూ బతిమాలడాలూ ఉండకూడదు.

వెనక పేజీలో ఇరవై లెక్కలు రాశాను. ఇవి అయ్యాక రాస్తే ఇంకో ఇరవై పంపుతాను.

రామనాథం


చాందా,
నవంబరు 1957

అన్నా,

నీ ఇరవై లెక్కల కాగితం బియ్యం డబ్బా కింద భద్రంగా ఉంది. కోప్పడకుండా మిగతాది చదువు.

సంత్రాల కాలం వచ్చింది. నాగపూర్ వైపు నుంచి వరోరా మీదుగా కమలాపండ్ల బుట్టలు దిగుతున్నాయి. మా పండ్ల దుకాణంలో హమాలి మొండయ్య కాయలు లెక్కపెట్టే పద్ధతి నీకు గుర్తుందో లేదో. చేతికి రెండు, రెండు చేతులకు నాలుగు. అది ఒక పుంజీ. మొదటి పుంజీకి "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. ఆ తరువాత రెండు, మూడు. ఇరవై అయిదు పుంజీలైతే నూరు. అంతటితో ఆపితే మా మామగారు ఊరుకునేవారు కాదట. ఇంకో పుంజీ వేసి "పిల్లలకు" అనాలి. కొన్నవాళ్ల ఇంట్లో పిల్లలున్నా లేకపోయినా వేయాల్సిందే. మా దుకాణంలో నూరంటే నూట నాలుగు.

జయ రోజూ బడి నుంచి వచ్చి గోనెల మీద కూర్చుని చూసేది. నోరు విప్పేది కాదు. ఒకరోజు మొండయ్య "పిల్లలకు" అని ఆఖరి పుంజీ వేయగానే లేచింది.

"మామా, గా పుంజీ ఎవరికి?"

"పిల్లలకే బిడ్డా. నీ అసోంటోళ్లకు."

"నాకేనా?"

"ఆఁ, నీకే అనుకో."

అంతే. ఇక రోజూ బడి వదలగానే పరుగు. నూరు కాయల బుట్ట ఏది అమ్మినా ఆఖరి పుంజీ పేరుకు తనదే. "అత్తా, ఇయ్యాల తొమ్మిది బుట్టలు అమ్మినం. నా కాయలు ముప్పై ఆరు. గన్ని ఎట్ల తినాలె?" అంటుంది. అది నాలుగో ఎక్కమే కదా. నేను ఎక్కం అనే మాట ఎత్తలేదు. ఎత్తితే మళ్లీ చేతులు చాస్తుంది.

అన్నం తిన్నాక తొనలాట ఆడుతున్నాం. సంత్ర వలవక ముందే ఎన్ని తొనలో చెప్పాలి. ఎన్ని తేడా వస్తే అన్ని తొనలు ఎదుటివాళ్లకు ఇచ్చుకోవాలి. మీ బావ ఎప్పుడూ ఓడిపోతారు, కావాలనే అని నా అనుమానం. నిన్న పది తొనలు ముగ్గురం పంచుకుంటే ఒకటి మిగిలింది. దాని మీద పెద్ద తగవు. చివరికి జయ ఆ తొనను గోటితో మూడు ముక్కలు చేసి పరికిణీ అంతా రసం పూసుకుంది. మూడో వంతు అంటే ఏమిటో నాకు ఈ వయసులో ఆ చేతిలో చూస్తే తెలిసింది.

పిల్ల నవ్వుతోంది అన్నా. లెక్క చేస్తూ నవ్వుతోంది. మన ఇంట్లో అట్లా ఎవరైనా ఎప్పుడైనా నవ్వారా?

చంద్రకళ


ఆసిఫాబాదు,
డిసెంబరు 1957

చంద్రకళా,

నీ ఉత్తరం చదివి తల పట్టుకున్నాను. పరీక్ష దగ్గర పడుతోంది, నువ్వు పిల్లతో తొనలు తింటూ కూర్చున్నావు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నవాణ్ని. నవ్వుతూ నేర్చుకున్నది నవ్వుతూనే మర్చిపోతారు. నువ్వు ఆటలాడించినన్నాళ్లు నిన్ను ముద్దు చేస్తారు, పరీక్షలో కాగితం ముందు పెడితే తెల్లమొహం వేస్తారు.

మిగతాది నీ ఇష్టం. ఒక్కటి మాత్రం పట్టించుకో. మీ దుకాణంలో నూరంటే నూట నాలుగని గొప్పగా రాశావు. అది వ్యాపారస్తుల మర్యాద, గణితం కాదు. అది పిల్ల తలలో దిగితే పరీక్షలో కొంప మునుగుతుంది. నూరంటే నూరే అని ఇవాళే చెప్పు. పలక మీద రాయించు. హమాలి పక్కన కూర్చోబెట్టడం మానిపించు. ఆడపిల్లను బజారులో కూర్చోబెట్టడమేమిటి?

రాజురాలో నేను చెప్పిన తరగతి ఇప్పుడు మరాఠీ అయిపోయిందని, అక్కడే ఉండిపోయిన నా తోటి పంతులు అప్పలనర్సయ్య రాశాడు. గోడ మీద నేను రంగుతో రాయించిన ఎక్కాలకు సున్నం కొట్టారట. ఎందుకో నీకు రాయాలనిపించింది.

చలి ఎక్కువగా ఉంది. పిల్ల చెవులకు గుడ్డ కట్టు.

రామనాథం


చాందా,
ఫిబ్రవరి 1958

అన్నా,

నీ ఉత్తరం రాగానే రాస్తే అన్నీ తిట్లే రాసేదాన్ని. అందుకని ఇన్నాళ్లు ఆగాను. ఆగినా పెద్దగా తగ్గలేదు.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నువ్వు ఏడో తరగతి పాసై ఇంట్లోనే పంతులువి అయ్యావు. పదమూడో ఎక్కంలో నేను తడబడిన ప్రతిసారీ రూళ్లకర్ర నా వేళ్ల కణుపుల మీద పడేది. అమ్మ పొయ్యి దగ్గర నుంచి "కొట్టకురా" అనేది కాదు, "మెల్లగ కొట్టురా" అనేది. చలికాలం వస్తే నా కుడిచేతి నడిమి వేలు ఇప్పటికీ సరిగ్గా ముడుచుకోదు. ఆ చేత్తోనే నీకు ఉత్తరాలు రాస్తున్నాను. నువ్వేమో నవ్వుతూ నేర్చుకున్నది నిలవదంటావు. ఏడుస్తూ నేర్చుకున్నది నాకు నిలిచిందా?

జయ బాగా చేస్తోంది. బడిలో గురువుగారు మరాఠీలో అడుగుతారు, దీని వేళ్లు తెలుగులో లెక్కపెడతాయి, నోరు మరాఠీలో జవాబు చెబుతుంది. ఆయనే మీ బావతో అన్నారట, ఈ పిల్లకు లెక్క అంటే ఆకలి అని. పాసవుతుంది, నువ్వు మాట మీద నిలబడటానికి సిద్ధంగా ఉండు.

ఇక మా ఇంట్లో నూరు ఎంతో మేం చూసుకుంటాం. అది మా మామగారు పెట్టిన నూరు. నువ్వు సరిదిద్దనక్కర లేదు.

నేనే వండుకుంటున్నానని ఈసారి నువ్వు రాయలేదు. వంటమనిషి దొరికిందా?

చంద్రకళ


చాందా,
మే 1958

అన్నా,

ఎండలు మండిపోతున్నాయి. పక్కనున్న దుర్గాపూర్ గనుల వైపు నుంచి వచ్చే గాలి నిండా బొగ్గు ధూళి, ఆరేసిన చీరలు నల్లబడుతున్నాయి. మీ బావకు జ్వరం వచ్చి తగ్గింది.

పరీక్ష అయింది. జయ పాసైంది. నువ్వు ఈ ఎండలో పడి రానక్కర లేదు. వచ్చే నెల దాన్ని అయిదులో వేస్తాం. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

చంద్రకళ


ఆసిఫాబాదు,
జూన్ 1958

చంద్రకళా,

నువ్వు నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నప్పుడే అనుమానం వచ్చింది. పిల్ల పాసైతే నువ్వు నాలుగు పేజీలు రాస్తావు. అప్పలనర్సయ్యకు చాందాలో పని ఉంటే బడికి వెళ్లి కనుక్కోమన్నాను. జయ లెక్కల్లో తప్పింది.

అబద్ధం ఆడతావని అనుకోలేదు. పరీక్ష తప్పినందుకు పిల్లను ఏమీ అనను. నీతో మాట్లాడేందుకు మాత్రం నాకేమీ లేదు. ఆదివారం బండికి వస్తున్నాను. దాని బట్టలు సర్ది ఉంచు.

రామనాథం


చాందా,
జూలై 1958

రామనాథం పంతులు గారికి,

వచ్చారు, మంచినీళ్లు నిలబడే తాగారు, పిల్లను తీసుకుని వెళ్లారు. మొండయ్య స్టేషను దాకా వచ్చి దాని చేతిలో పెట్టబోయిన జామకాయలు కూడా వద్దన్నారు. పిల్ల బండి కిటికీలోంచి మమ్మల్ని చూడలేదు, ఒళ్లో చేతులు పెట్టుకుని వాటినే చూసుకుంటూ కూర్చుంది.

అది ఎట్లా తప్పిందో మీరు అడగలేదు. నేను చెబుతాను. బడికి వెళ్లి ఆ కాగితం చూశాను. ముప్పాతిక వంతు మార్కులు ఒకే పెద్ద లెక్కకు. బుట్టకు నూరు సంత్రాలు, మూడు బుట్టలు. అందులో పన్నెండు కుళ్లాయి. మిగిలినవెన్ని? వాటిని ఎనిమిది మందికి సమంగా పంచితే తలా ఎన్ని? జయ మూడు బుట్టలకు మూడు వందల పన్నెండు కట్టింది. కుళ్లినవి తీసేసి మూడు వందలు రాసింది. తలా ముప్పై ఏడున్నర అంది. పక్కన ఒక సంత్రను సగానికి కోసినట్టు బొమ్మ కూడా వేసింది. గుణకారం తప్పలేదు, తీసివేత తప్పలేదు, భాగారం తప్పలేదు. గురువుగారు ఆ బొమ్మ చూసి నవ్వి సున్నా వేశారు.

ఇక అసలు సంగతి. మీ ఊళ్లో సరుకు అమ్ముకుని తిరిగే బాపయ్య నిన్న మా దుకాణానికి వచ్చాడు. "మీ అన్న ఇంట్ల మీ కొత్త వదినె మంచిగున్నది తల్లీ. నెలలు నిండినయి, ఇంక దినాలే. పని జేసుకోలేకపోతుంది పాపం," అన్నాడు. పెళ్లి చేసుకున్నట్టు చెల్లెలికి ఒక్క ముక్క రాయలేదు. పురిటి ఇంట్లో పనికి మనిషి కావాలంటే రాయకూడదా? మనిషినే పంపేదాన్ని. లెక్కల్లో తప్పిందని పిల్లను తీసుకుపోయారు. పాసై ఉంటే ఏ సాకు దొరికేది?

చంద్రకళ


ఆసిఫాబాదు,
ఆగస్టు 1958

చంద్రకళా,

పద్మను కిందటి నవంబరులో చేసుకున్నాను. రాయలేదు. రాస్తే కాంతమ్మ పోయి ఏడాదైనా తిరగలేదని నువ్వు రాసేదానివి. నాకు చదివే ఓపిక లేకపోయింది. కొడుకు పుట్టాడు. ఇంట్లో జయ అవసరం ఉంది, అదీ దాచను. దాని బడి సంగతి వచ్చే ఏడు చూద్దాం. ప్రస్తుతం ఇంట్లో నేనే చెబుతున్నాను.

కానీ పాసై ఉంటే మాత్రం తెచ్చేవాణ్ని కాదు. మాట ఇచ్చాను. పద్మ అవస్థ పద్మ పడేది. నువ్వు నమ్మవు, నమ్మకపో.

ఇక నీ సంగతి. రాగానే జయను కూర్చోబెట్టి ఆ లెక్క మళ్లీ చేయించాను. మళ్లీ మూడు వందలే. ఎందుకని అడిగాను. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పరీక్ష ముంగటి దినం అత్తను అడిగిన నాయినా. బుక్కుల నూరంటే నూరేనా, నూట నాలుగా అని. అత్తకు కోపమొచ్చింది. బుక్కు రాసినోళ్లు ఎన్నడన్న సంత్రాలు అమ్మిన్రా, మీ నాయిన అమ్మిండా, మనదే అసలైన నూరు, గదే రాయి అన్నది."

పిల్లకు అనుమానం వచ్చింది చంద్రకళా. రెండూ వేరని దానికి తెలుసు. పుస్తకం నూరు ఒకటి, దుకాణం నూరు ఒకటి అని అదే పట్టుకుంది. నేను ఇరవై ఏళ్లలో చూసిన పిల్లల్లో అట్లా పట్టుకున్నవాళ్లు ఇద్దరో ముగ్గురో. నిన్ను అడిగింది. నువ్వు ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే ఇవాళ నీ ఇంట్లో ఉండేది. డిసెంబరులోనే రాశాను. నన్ను ఓడించాలని దాన్ని ఓడించావు.

రామనాథం


చాందా,
నవంబరు 1958

అన్నా,

అన్నాను. ఆ మాట అన్నాను. నూరంటే నూరే అన్నది నువ్వు కాబట్టే అది తప్పు కావాలనుకున్నాను. పిల్ల నా మొహం చూసి సరేనంది. మర్నాడు వెళ్లి అదే రాసింది. నా మీద అంత నమ్మకం.

మూడు నెలలుగా ఈ నాలుగు ముక్కలు రాయలేక కాగితాలు చింపుతున్నాను. నువ్వు చేసింది నేను మర్చిపోను. నేను చేసింది నువ్వు మర్చిపోవు. మనం కొట్టుకున్న దెబ్బలన్నీ ఆ పిల్ల చేతుల మీదే పడ్డాయి.

సంత్రాలు దిగుతున్నాయి. బాపయ్య చేత ఒక బుట్ట పంపుతున్నాను. మొండయ్యే లెక్కపెట్టాడు. ఇరవై అయిదు పుంజీలు, పైన పిల్లల పుంజీ. ఈసారి "పిల్లలకు" అనలేదు, "జయకు" అన్నాడు.

ఒక్కటి అడుగుతున్నాను. ఆ బుట్ట జయనే విప్పనీ. లెక్కపెట్టేటప్పుడు నువ్వు పక్కన నిలబడకు. ఆఖరి పుంజీ దగ్గరకు వచ్చేసరికి దాని మొహం ఎట్లా ఉంటుందో నేను ఇక్కడి నుంచే ఊహించుకుంటాను. పద్మకూ బాబుకూ నా ఆశీర్వాదాలు.

చంద్రకళ


ఆసిఫాబాదు,
నవంబరు 1958

అత్తకు, మామకు,

జయ రాస్తున్నది. నేను మంచిగున్న. నాకు ఇప్పుడు ఇరవై దాక ఎక్కాలొస్తయి. ఆగకుంట చెప్త. ఆగకుంట చెప్తే నాయిన ఏమనడు. పద్మ చిన్నమ్మ మంచిగనే చూస్తది. తమ్ముడు నా ఒళ్లెనే పండుకుంటడు, కింద పండవెడితే ఏడుస్తడు. అందుకే బడికి పోతలేను.

బాపయ్య తాత బుట్ట దించిండు. నాయిన బడిల ఉండె. చిన్నమ్మ పండుకున్నది. పక్కకు ఎవ్వరు లేరు. నేనే విప్పి లెక్కవెట్టిన. లాభం అనలే, ఒకటి అన్న. ఇరవై అయిదు పుంజీలు అయినంక ఇంక నాలుగు కాయలు ఉన్నయి. మళ్ల మొదటి నుంచి లెక్కవెట్టిన. మళ్ల నాలుగు ఎక్కువనే వచ్చినయి.

నూరంటే నూరే అత్తా. నాకు ఇప్పుడు మంచిగ తెలిసింది. ఇంక తప్పు పోను. ఎక్కువొచ్చిన నాలుగు బాపయ్య తాత సంచిల పెట్టి వాపస్ పంపుతున్న. మొండయ్య మామకు లెక్క సరిజూసుకోమని చెప్పు.

తమ్ముడు లేచిండు.

జయ